యెగ్గు

“...అయితే ఆ మాట నేనే చెప్పాలా సార్? మీరు హెడ్‌మాస్టరు. నాకు ఆమె మా అమ్మకంటే పెద్ద.”

“పెద్దదైతే ఏంది? దంతెవాడ పోయొచ్చింది నువ్వు, కాగితం తెచ్చింది నువ్వు. మధ్యల నన్నెందుకు పెడ్తవ్?”

“కాగితం తెచ్చాను సార్. తప్పు నేను తేలేదు కదా.”

“తప్పు అనకు. జర మెల్లగ మాట్లాడు.”

“మరేమనాలి? ఏడుగురు పిల్లలు వెళ్లారు. ఏడుగురూ ఒకే పాట పాడుకుంటూ ఒకే చోట పడ్డారు.”

ఇంద్రాణి హాజరుపట్టీ పట్టుకుని వరండాలో, తలుపు పక్కనే నిలబడి ఉంది. లోపల మాట్లాడుకుంటున్నది హెడ్‌మాస్టరు శ్రీరంగం, రెండేళ్ల కిందట కిరందుల్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ప్రవీణ. ‘ఒకే పాట’ అన్న మాట చెవిన పడేదాకా వాళ్లు ఇంకెవరి గురించో అనుకుంటున్నారనుకుంది. ఆ బడిలో పాటంటే ఒక్కటే. దాన్ని కట్టింది ఆమే.

వచ్చిన దారినే వెళ్లిపోయి ఉండవచ్చు. వెళ్లలేదు. లోపలికి వచ్చి హాజరుపట్టీ బల్ల మీద పెట్టి, ఎవరో ఒకరు త్వరగా చెబితే పిల్లల దగ్గరికి పోతానంది. శ్రీరంగం కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ప్రవీణే కాగితాన్ని ముందుకు జరిపింది.

తెలుగు నేల సరిహద్దు అవతల, కోంటాలో బజారు దాటి శబరి నది వైపు దిగే దారిలో ఉన్న సర్కారు ప్రాథమిక బడి అది. నాలుగు గదులు, ఒక వరండా. పిల్లల్లో దోర్ల గిరిజనులు ఎక్కువ, హల్బీ మాట్లాడేవాళ్లు కొందరు, తెలుగు షావుకార్ల పిల్లలు ఒకరో ఇద్దరో. దంతెవాడలో ఇంగ్లీషు మీడియం హాస్టల్ బడి ఒకటి ఏటా ఒకటో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి కొందరిని తీసుకుపోతుంది. ఎంపికైనవాళ్లను ఫిబ్రవరి నుంచే హాస్టల్లో ఉంచుకుంటుంది. ఇన్నాళ్లూ అది రాత పరీక్ష. ఈ యేడే పద్ధతి మార్చారు. ఫోన్లో బొమ్మ చూపిస్తారు, పిల్ల దాని పేరు ఇంగ్లీషులో చెప్పాలి. ఫోనే విని, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క పెడుతుంది.

కాగితం మీద ఏడు పేర్లున్నాయి. అడ్డంగా ఐదు ఇంగ్లీషు అచ్చులు. వాటిలో మొదటి రెండు అక్షరాల కింద పైనుంచి కిందిదాకా ఎర్ర చుక్కలే.

“మేడమ్, ఒక్కసారి అనండి,” అంది ప్రవీణ. “ఎగ్.”

“యెగ్గు,” అంది ఇంద్రాణి.

“ఎగ్.”

“అదే గద. యెగ్గు.”

ప్రవీణ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఎలుక అని రాస్తాం, యెలక అని పలుకుతాం. ఎవరు అని రాసి యెవరు అంటాం. తెలుగు నోటికి ఆ అక్షరం ముందు ఒక ‘య’ తగిలించుకోవడం అలవాటు. తగిలించుకున్నట్టు మనకే తెలియదు. చివర ఒక ‘గు’ కూడా చేరుతుంది. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ ఫోనుకు మాత్రం అది వేరే మాట. యాపిల్ సంగతీ అంతే. తను రాయ్‌పూర్ ట్రైనింగులో మూడు వారాలు ఇదే తిట్లు తిన్నానని కూడా చెప్పింది. ఆ చివరి మాట ఇంద్రాణిని ఊరడించడానికి చెప్పిందని ముగ్గురికీ తెలుసు.

“ఆరుగురి సంగతి పరవాలేదు,” అన్నాడు శ్రీరంగం కళ్లద్దాలు పెట్టుకుంటూ. “రెండో క్లాసు ఈడనే చదువుకుంటరు. హిడ్మే సంగతే ఏంది అనేది.”

హిడ్మేకు ఆరేళ్లు. మరైగూడ దాటి లోపలికి పోతే వచ్చే ఒక దోర్ల పల్లె పిల్ల. తండ్రి బోర్లు వేసే లారీ మీద తమిళదేశం వైపు వెళ్లాడు, పండగలకు కూడా రాడు. పిల్లను కోంటాలో కోసే అనే మేనత్త దగ్గర ఉంచి బడికి పంపుతున్నారు. తల్లి బుధ్రి ఏటా ఫిబ్రవరిలో గోదావరి అవతల మిరపతోటల్లో కాయ ఏరడానికి పోతుంది, ఈ యేడు కోసే కూడా పోతోంది. ఇల్లు తాళం. ఆశ్రమశాలల్లో జూన్ దాకా ఎవరినీ చేర్చుకోరు. హాస్టల్లో సీటు దొరికితే పిల్ల చదువుకుంటుంది, దొరక్కపోతే తల్లితోపాటు మిర్చి బండి ఎక్కుతుంది. పోయినేడు అలా బండెక్కిన పిల్లలు నలుగురు. జూన్‌లో ఒక్కరూ తిరిగి బడికి రాలేదు. వాళ్ల పేర్లు హాజరుపట్టీలో కొట్టేసింది ఇంద్రాణే.

ఏడుగురిలో హిడ్మే ఒక్కతే కొద్దిలో తప్పింది. అలా తప్పినవాళ్లను పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ పిలుస్తామని కాగితం అడుగున రాసి ఉంది. ఆ పద్నాలుగు రోజులూ పిల్లకు ప్రవీణ నేర్పాలని శ్రీరంగం అన్నాడు. ఇంద్రాణి తలూపింది. పిల్లల దగ్గరికి వెళ్లి ఆ గంట లెక్కలు చెప్పింది.

ఇంద్రాణి పుట్టింది కోంటాలోనే. తండ్రి సంతల్లో బట్టలు అమ్మేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దోర్లి. ఇంగ్లీషు ఎక్కడా లేదు. ఆరో తరగతిలో బిలాస్‌పూర్ నుంచి వచ్చిన ఒక మాస్టారు ఇంగ్లీషు మాటల్ని నల్లబల్ల మీద హిందీ అక్షరాల్లో రాసి బట్టీ పట్టించేవాడు. ఇంద్రాణి ఇంటికొచ్చి వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకునేది. అలా రెండు లిపుల్లోంచి వడకట్టుకుని వచ్చిన ఇంగ్లీషే ఆమెకు దక్కింది. దాన్నే అపురూపంగా దాచుకుంది. సబ్బు కాగితాల మీదివి, మందు సీసాల మీదివి చదివి తండ్రికి చెప్పేది. ఆయన దుకాణానికి వచ్చినవాళ్లందరికీ మా పిల్లకు ఇంగ్లీషు వస్తదని చెప్పుకునేవాడు.

పెళ్లయి, ఇద్దరు పిల్లలు బడికి పోయే ఈడుకు వచ్చాక శిక్షాకర్మిగా, అంటే కాంట్రాక్టు టీచరుగా, ఉద్యోగం వచ్చింది. ఆమె చేరిన రెండో ఏడు, ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్పాలని ఆదేశం వచ్చినప్పుడు బడిలో మాస్టర్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెప్తానని ఇంద్రాణి అంది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట అది.

మొదటి రెండు నెలలు పిల్లలకు ఏదీ ఎక్కలేదు. వాళ్లకు హిందీయే కొత్త, దాని మీద ఇంకో భాష. ఒక రోజు బడి వెనక పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పాడుతుంటే, లోపల పిల్లలు పెదవులు కదపకుండా ఆ బాణీని గొంతులోనే అంటున్నారు. ఇంద్రాణి సుద్దముక్క పక్కన పెట్టి, ఆ బాణీ మీదే అచ్చులు పెట్టి పాడి చూసింది.

యా యా యాపిలు, లాల్ లాల్ యాపిలు
యె యె యెగ్గు, సఫేద్ సఫేద్ యెగ్గు
ఇ ఇ ఇంకు, నీలా నీలా ఇంకు

ఐదు అచ్చులకూ ఐదు సైగలు పెట్టింది. ‘యా’ అన్నప్పుడు రెండు అరచేతులూ బుగ్గల మీద. ‘యె’ అన్నప్పుడు చూపుడువేలు గడ్డం మీద పెట్టి కిందికి లాగాలి. వారం తిరిగేసరికి తరగతి మొత్తం పాడింది. నెల తిరిగేసరికి రేవులో బట్టలు ఉతికే ఆడపిల్లలు పాడారు. ఒక ఆగస్టు పదిహేనున బ్లాకు ఆఫీసు ముందు పాడించి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంద్రాణి దాన్ని గోడకు తగిలించలేదు. ఇనప బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది.

ఆమె భర్త గవర్రాజు రాజమండ్రి దగ్గర పల్లె నుంచి ఇల్లరికం వచ్చిన మనిషి. మామగారి బట్టల కొట్టు ఇప్పుడు ఆయనదే. పాట పేరు పొందిన కొత్తల్లో కొట్టుకొచ్చినవాళ్లతో, “మా ఇంట్లో పంపకాలు అయిపోయాయండీ. సిగ్గు నాకిచ్చి యెగ్గు ఆవిడ ఉంచుకుంది,” అని నవ్వించేవాడు. సిగ్గూ యెగ్గూ లేని సంసారం అని ఆమె కూడా నవ్వేది.

ఆ సాయంత్రం ఇంద్రాణి ఇంటికి తిన్నగా పోలేదు. కూరగాయలకని బజారులోంచి నడిచింది. బస్టాండు మూల మీద మంగ్లూ ఫ్రైడ్ రైస్ బండి పెట్టుకున్నాడు. ఆమె మొదటి జట్టు పిల్లల్లో వాడొకడు. ఇప్పుడు మీసాలు, ఇద్దరు పిల్లలు. వాడు బాండీలో గరిటె ఆడిస్తూ, బస్సు దిగినవాళ్లను చూసి యెగ్గు రైస్, యెగ్గు నూడిల్స్ అని పాటలాగా అరుస్తున్నాడు. మేడమ్‌ను చూసి అరవడం ఆపి, దండం పెట్టి, స్టూలు తుడిచాడు.

“కూసో మేడమ్. ఒక ప్లేటు యెగ్గు రైస్ పెడ్త.”

“వద్దు మంగ్లూ.”

“నువ్వు నేర్పిన మాటనే గద, అన్నం పెడ్తాంది,” అన్నాడు వాడు, పక్కన నిలబడ్డ పోలీసు క్యాంపు జవాన్లకు ఆమెను చూపిస్తూ. ఈమె మా ఇంగ్లీషు మేడమ్ అని హిందీలో చెప్పాడు.

జవాన్లలో ఒకడు నవ్వి నమస్కారం పెట్టాడు. ఆ నవ్వులో ఏముందో ఇంద్రాణి వెతుక్కుంది. ఏమీ లేకపోవచ్చు. నిన్నటిదాకా అయితే వెతికి ఉండేది కాదు. మంగ్లూ దగ్గర, మందుల కొట్టు దగ్గర, మొబైల్ కొట్టు దగ్గర తన నోరే వినిపించింది. పద్దెనిమిదేళ్లకు ఏడాదికి ముప్పై మంది చొప్పున లెక్క వేసుకోబోయి, మధ్యలో మానేసింది.

ఇంటికొచ్చి గవర్రాజుకు చెప్పింది. ఆయన విని, ఫోను ఎవడో దొరబాబు చెవితో చేసుంటాడు, దానికేం తెలుసు, ఊరుకోమన్నాడు. ఈ దేశంలో సగం మంది అలాగే అంటారు, మంత్రులు కూడా అంటారన్నాడు. అది నిజమే. ఇంద్రాణి ఆయనకు అన్నం పెడుతూ, మంత్రుల పిల్లలెవరూ మిర్చి బండి ఎక్కరని మాత్రం అంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రవీణ హిడ్మేను వరండా చివర కూర్చోబెట్టుకునేది. ఇంద్రాణి తన తరగతిలోంచి వినేది. మూడో రోజునే ప్రవీణ మొహం వెలిగిపోతూ వచ్చింది.

“ఈ పిల్లకసలు కష్టమే లేదు మేడమ్. మిగతావాళ్లకి నెల పట్టేది. దీనికి ముందే వచ్చినట్టుంది. తొడుగు తీసేసినట్టు ఊడొచ్చేసింది ఆ య.”

ఇంద్రాణి మంచిదంది.

జూలైలో హిడ్మే కొత్తగా వచ్చినప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే ఇబ్బంది పెట్టింది. తరగతి మొత్తం పాడుతుంటే ఆ పిల్ల గొంతు దగ్గర ఏదో తెగినట్టు, కురచగా వినిపించేది. మాట మొదలూ లేదు, చివరా లేదు. ఇంద్రాణి పాట ఆపి, పిల్లను నిలబెట్టి, గడ్డం పట్టుకుని కిందికి లాగి, యె అను, యె, అని అనిపించింది. కొట్టలేదు, గసరలేదు. బెల్లంముక్క పెట్టి మరీ అనిపించింది. తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పిల్ల నిండుగా, మిగతావాళ్లలాగా యెగ్గు అంది. ఇంద్రాణి చప్పట్లు కొట్టించింది.

ఆ చప్పట్లు కొట్టిన రోజు హిడ్మే ఇంటికి పోతూ ఆమె కొంగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. అంతకుముందు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ తర్వాత ఆమె వెంటే తిరిగింది.

ఈ సంగతి ఇంద్రాణి ప్రవీణతో చెప్పలేదు. శ్రీరంగంతో చెప్పలేదు. ఇంట్లో, గవర్రాజు కొట్టుకు పోయాక, ప్రవీణ తన ఫోనులో పెట్టి ఇచ్చిన పరీక్షను ముందు పెట్టుకుని తను అని చూసింది. ఎర్ర చుక్క. నెమ్మదిగా అంది. ఎర్ర చుక్క. అద్దం ముందు నిలబడి నాలుకను కింద పళ్లకు ఆనించి అంది. ప్రవీణ అన్నట్టు ముందున్నదాన్ని మింగేసి అంది. అప్పుడు మాటే రాలేదు, దగ్గు వచ్చింది. వారం రోజుల్లో ఒక్కసారి ఆకుపచ్చ చుక్క పడింది. ఎలా అన్నదో ఆమెకే తెలియదు. మళ్లీ అనబోతే రాలేదు. ఫోను పలికే మాటను పదేపదే నొక్కి వింది. ఎన్నిసార్లు విన్నా ఆమె చెవికి అది కురచగానే, పిల్లలకు దిద్దాల్సిన మాటలాగానే వినిపించింది. తన చెవి అబద్ధం చెబుతోందని తెలిసినా, వినడానికి ఇంకో చెవి లేదు.

తరగతిలో పాట ఆపేసింది. పిల్లలు రెండు రోజులు అడిగారు. మూడో రోజు ఆమె రాకముందే వాళ్లే మొదలుపెట్టి, గడ్డాల మీద వేళ్లు పెట్టుకుని ముప్పై మందీ పాడుతున్నారు. ఇంద్రాణి గుమ్మంలో నిలబడి, పాట అయిపోయేదాకా లోపలికి రాలేదు.

పద్నాలుగో రోజు దంతెవాడకు పిల్లను తీసుకుపోవలసింది ప్రవీణ. ముందు రోజు ఆమెకు సుక్మాలో ఎన్నికల జాబితాల పని పడింది. శ్రీరంగం వెళ్దామంటే హిడ్మే ఆయనతో బస్సెక్కనని స్తంభం పట్టుకుంది. మేడమ్ వస్తేనే వస్తానంది. ప్రవీణ బడి గేటు దగ్గర తచ్చాడి, చివరికి చెప్పింది.

“మేడమ్, ఏమనుకోకండి. మీరు లోపలికి మాత్రం వెళ్లకండి.”

“పోను,” అంది ఇంద్రాణి.

తెల్లవారకముందు కోంటాలో ఎక్కిన బస్సు సుక్మాలో దింపింది. అక్కడ జీపు. దారిలో రెండు పోలీసు నాకాల దగ్గర ఆపి సంచులు తడిమారు. హిడ్మే కిటికీ పక్కన కూర్చుని కనిపించినవాటికల్లా ఇంగ్లీషు పేర్లు చెప్పింది. ఇంద్రాణి ఏదీ తిరిగి అనలేదు. ఊఁ అని మాత్రం అంటూ వచ్చింది. ప్రవీణ దగ్గర నేర్చుకున్నట్టే కురచగా, తెగినట్టు అంటోంది పిల్ల. అలా వినిపించిన ప్రతిసారీ ఇంద్రాణికి ప్రాణం లేచివచ్చింది.

పరీక్ష గదిలో ఒక కుర్రాడు ఫోను పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు కిషోర్ అని చెప్పి, హిందీలో మెత్తగా మాట్లాడాడు. హిడ్మే గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది. కుర్రాడు బిస్కెట్టు చూపించాడు. పిల్ల ఏడవలేదు, కదల్లేదు కూడా. బయట ఇంకా పదిమంది పిల్లలున్నారు. మీ టీచరును వచ్చి పక్కన కూర్చోమందామా అని అతను అడిగాడు. హిడ్మే తలూపింది. తను బయటే ఉంటానని ఇంద్రాణి రెండుసార్లు చెప్పింది. పిల్ల మాట్లాడకపోతే గైరుహాజరు వేయాల్సివస్తుందని అతను చెప్పాడు.

ఆమె వెళ్లి గోడ వారగా కూర్చుంది. రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. పెదవులు బిగబట్టింది.

మొదటి బొమ్మ యాపిల్. హిడ్మే చెప్పింది. ఆకుపచ్చ చుక్క. రెండోది చీమ. అదీ ఆకుపచ్చ. కుర్రాడు బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు. మూడో బొమ్మ గుడ్డు. తెర మీద తెల్లటి గుడ్డు, ఇంకేమీ లేదు. హిడ్మే నోరు తెరిచి, మూసింది. ప్రవీణ చెప్పింది ఒకటి, అంతకుముందు తొమ్మిది రోజులు దిద్దించుకున్నది ఒకటి. రెండూ ఒకేసారి నోటికి వచ్చి ఉంటాయి. పక్కకు తిరిగి ఇంద్రాణి మొహంలోకి చూసింది.

పిల్ల తడబడి తన వైపు చూసినప్పుడు అందించడం ఇంద్రాణికి పద్దెనిమిదేళ్ల పని. కొంగు ఎప్పుడు ఊడిందో, చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. చూపుడువేలు గడ్డానికి తగిలాకే తెలిసింది.

హిడ్మే మొహం విప్పారింది. తన వేలు కూడా గడ్డం మీద పెట్టుకుంది. లేచి నిలబడి, బడిలో పాడినంత గట్టిగా, యె యె యెగ్గు, సఫేద్ సఫేద్ యెగ్గు అని పాడింది. బొమ్మ మారింది. ఏనుగు వచ్చినా, మోచెయ్యి వచ్చినా, మళ్లీ చీమ వచ్చినా, అన్నీ ఆ బాణీలోనే, అన్నింటి ముందూ ఆ య తోనే పాడింది. కుర్రాడు ఒకసారి ఆపబోయి ఊరుకున్నాడు. పిల్ల అంత సంతోషంగా పాడుతుంటే ఆపడానికి మనసు రాలేదేమో. పదికి ఎనిమిది కావాలి. మొదటి రెండే వచ్చాయి. అతను ఆ సంగతి పిల్ల వైపు చూడకుండా చెప్పాడు.

బయటికి వచ్చాక హిడ్మే ఆమె వేలు పట్టుకుని ఊపింది.

“మంచిగ పాడిన గద మేడమ్?”

“మంచిగ పాడినవ్,” అంది ఇంద్రాణి.

తిరుగు ప్రయాణంలో పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. బుధ్రికి ఏం చెప్పాలో ఇంద్రాణి దారి పొడవునా అల్లుకుంది. ఫోను చెడిపోయిందని చెప్పవచ్చు. సిగ్నల్ లేదని చెప్పవచ్చు. సీట్లన్నీ ముందే నిండాయని చెబితే ఎవరూ కాదనరు. ప్రతిదీ నమ్మదగ్గట్టే ఉంది. ఈ ఊళ్లో ఆమె మాట కాదనేవాళ్లెవరూ లేరు, అదే ఆమెకు భరించరానిదిగా తోచింది.

పొద్దు వాలేవేళ బస్సు కోంటా చేరింది. బస్టాండులో బుధ్రి, కోసే నేల మీద కూర్చుని ఉన్నారు. కోసే పిల్లను చంకనేసుకుని కుళాయి వైపు తీసుకుపోయింది. బుధ్రి లేచి నిలబడింది. పాతికేళ్లు కూడా ఉండవు. కోంటా కూలికి వచ్చీపోయీ తెలుగు బాగానే మాట్లాడుతుంది.

“ఏమన్నరు మేడమ్?”

“సీటు రాలేదు బుధ్రీ.”

“పిల్ల సెప్పలేకపోయిందా?”

ఇంద్రాణి సంచి కింద పెట్టింది.

“పిల్ల తప్పు లేదు. జూలైల బడికొచ్చినప్పుడే అది సరిగ్గ అన్నది. తప్పని నేనే దిద్దిన. తొమ్మిది రోజులు కూసోబెట్టి దిద్దిన. ప్రవీణ మళ్ల మంచిగ నేర్పింది. ఇయ్యాల లోపల నన్ను చూసి మళ్ల నా మాటే చెప్పింది.”

బుధ్రి అర్థం కానట్టు చూసింది.

“ఏం మాట?”

“గుడ్డుకు ఇంగ్లీషు మాట.”

“గుడ్డుకా,” అంది బుధ్రి. ఆమె మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, ఆగిపోయింది. బస్సు మీద నుంచి మూటలు దింపుతుంటే దుమ్ము లేచింది. ఇద్దరూ పక్కకు జరిగారు.

ఇంద్రాణి ఒక దమ్మున చెప్పింది. జూన్ దాకా పిల్లను తమ ఇంట్లో ఉంచమంది. గది ఉంది, ఇంట్లో తనూ భర్తా తప్ప ఎవరూ లేరు. తిండి, బట్ట, అన్నీ తనే చూసుకుంటుంది. రోజూ తనతోపాటే బడికి తీసుకుపోతుంది, తనతోపాటే తెస్తుంది. సొంత పిల్లకంటే ఎక్కువ చూసుకుంటానంది. మిర్చి ఘాటుకు పిల్ల కళ్లు పాడవుతాయంది. ఇంకో ఏడాది ఒకటో తరగతిలోనే ఉంచి పరీక్షకు మళ్లీ పంపవచ్చంది. ఇంతసేపు ఎవరినీ ఏదీ అడుక్కున్న అలవాటు ఆమెకు లేదు. మాటలు అయిపోయాక కూడా బుధ్రి చెయ్యి పట్టుకునే ఉంది.

బుధ్రి చెయ్యి విడిపించుకోలేదు. కుళాయి దగ్గర కోసే పిల్ల మొహం కడుగుతుంటే అటు చూసింది. కోపం తెచ్చుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

“నీ కాడ ఉంటే అది నీ మాటే నేర్సుద్ది గద మేడమ్,” అంది. “బుధవారం మేస్త్రి బండి వస్తది. నాతోని తీసుకపోత.”